కందెన

ప్రభుదాసుకు తన ఎద్దుల కాళ్ళ గురించి తెలిసినంత తన కాళ్ళ గురించి తెలియదు. పొద్దుగూకి చేని నుంచి రాగానే తెల్లెద్దునూ మచ్చెద్దునూ కట్టేసి, ఒక్కొక్క గిట్టనూ ఎత్తి మోకాలి మీద పెట్టుకుని, సందుల్లో ఇరుక్కున్న మట్టిని పుల్లతో తీసి, ముల్లుంటే లాగి, నీళ్ళు పోసి కడిగితే గాని తాను నీళ్ళ చెంబు ముట్టేవాడు కాదు. తన కాళ్ళకు మాత్రం మొహం కడుక్కునేటప్పుడు కిందికి జారిన నీళ్ళే గతి. మడమలు ఎండాకాలపు రేగడి మాదిరి బీటలు వారి ఉండేవి. ఎద్దు కుంటితే సేద్యం కుంటుతుంది, మనిషి కుంటితే ఏమైంది, ఇంకో కాలుంది కదా అనేది అతని వాదం.

ఆళ్ళగడ్డకు రెండు మైళ్ళ దూరంలో, కాలవ నీళ్ళు ఎక్కని మెరక మీద అతనికి నాలుగెకరాల నల్లరేగడి ఉంది. డెబ్బై ఎనిమిదిలో సెప్టెంబరు చివర ఒక మంచి వాన పడింది. వాన పడ్డాక రేగడికి పదును వస్తుంది. కాలు పెడితే అంటుకోకూడదు, గుప్పెట్లో నొక్కితే విడిపోకూడదు. ఆ అదను చూసి జొన్న విత్తుకుంటే పైరు మంచు తాగి బతికిపోతుంది. పదిరోజులు దాటిందంటే నేల రాయి. అందుకే ఆ పదిరోజులూ ఆ ఊళ్ళో ఎవరూ పెళ్ళిచూపులు పెట్టుకోరు, పంచాయితీలు పెట్టుకోరు. జబ్బులు కూడా తమ మాట విని ఆగుతాయని వాళ్ళ నమ్మకం.

ఆ సోమవారం పొద్దున నేలను పైపైన దున్నే గుంటక కోసం కొట్టం వెనక్కి పోయి, విరిగిపోయిన పాత గుంటక పలక మీద అడుగేశాడు ప్రభుదాసు. దానికి చిలుము పట్టిన మేకు ఒకటి నిటారుగా నిలబడి ఉంది. అది ఎడమ మడమలో రెండు వేళ్ళ లోతు దిగింది. కుడికాలితో పలకను తొక్కిపట్టి ఎడమకాలు పైకి లాక్కున్నాడు. నెత్తురు పెద్దగా రాలేదు. కోపం మాత్రం చాలా వచ్చింది. ఆ పలకను ఎత్తి విసిరికొడితే అది పోయి పేడదిబ్బ అంచున పడింది. మేకు కిందికి పడిందా, పైకి పడిందా అని చూసేంత తీరిక అతనికి ఆ పూట లేదు.

బండి కింద వేలాడే కందెన డబ్బా తీసి, వేలితో ఇంత నల్లటి జిడ్డు తీసుకుని బొక్క మీద దట్టంగా మెత్తాడు. ఆముదంలో కాలిన గడ్డి మసి కలిపి ఇరుసుకు పూసే జిడ్డు అది. ఏళ్ళ తరబడి ఆ డబ్బాలో దుమ్మూ, పేడా, ఎద్దు వెంట్రుకలూ పడుతూనే ఉంటాయి. అయినా దెబ్బకు కందెన పెట్టడం ఆ పక్క సేద్యగాళ్ళకు తాతలనాటి అలవాటు. పుండు మీద ఈగ వాలదు, వాలలేదు కాబట్టి అది మంచి మందు. అంతకంటే రుజువు ఎవరూ అడగలేదు.

పేడచేతులతో పరుగెత్తుకొచ్చిన భార్య లూదియా మాత్రం అడిగింది. ఆళ్ళగడ్డకు పోయి సూది వేయించుకు రమ్మంది, పోయినా రెండు గంటల్లో తిరిగి రావచ్చంది. ప్రభుదాసు కాలికి గుడ్డపేలిక చుట్టుకుంటూ గసిరాడు.

"పదునులో సూదేందీ? సూదేయించుకున్నోడు మూడు దినాలు పండుకుంటాడు. నేను పండుకుంటే చేను నువ్వు దున్నుతావా?"

లూదియా పేడగంప దగ్గరికి తిరిగి పోయింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో పదును రోజుల్లో ఏ మాటకు ఏ జవాబు వస్తుందో ఆమెకు తెలుసు. ఒక్కగానొక్క కూతురు కడప హాస్టల్లో చదువుకుంటోంది. ఇంట్లో ఉన్నది తామిద్దరు, రెండెద్దులు. నలుగురిలో ఎవరూ పడుకోవడానికి వీల్లేదు.

దీనికి తోడు ప్రభుదాసు అంతకు నాలుగు రోజుల ముందే ఒక గొప్ప మాట అనేసి ఉన్నాడు. విత్తే గొర్రును అతనితో కలిసి వాడుకునే లక్ష్మన్న జ్వరమొచ్చి ఆసుపత్రికి పోయి రెండు రోజులు పడుకుంటే, పదిమందిలో నిలబడి, వానొస్తే అందరికీ పదునొస్తుంది, లక్ష్మన్నకు జ్వరమొస్తుంది అని నవ్వించాడు. అంత మాట అన్న నోటితో తాను సూదికి పోవాలంటే ఎట్లా?

మంగళవారం, బుధవారం గుంటక తోలాడు. మడమ సలిపినా ఓర్చుకున్నాడు. గురువారం మధ్యాహ్నం చేని గట్టు మీద సద్ది తినేటప్పుడు లక్ష్మన్నే ఆ కబురు తెచ్చాడు. పక్క ఊరి ఓబులేసు పోయినాడట. తొమ్మిది రోజుల కిందట గడ్డపార కాలివేలు మీద పడిందట. ఏముందిలే అని కందెన మెత్తి పనిలోకి పోయాడట. మొన్న పొద్దున అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతే నోరు తెరుచుకోలేదట.

"ధనుర్వాతం అన్నారు డాక్టర్లు," అన్నాడు లక్ష్మన్న. "ఆసుపత్రికి తోలకపోయే బండి కాడికి పోయి చూసినాప్పా. పండ్లు కరుచుకోని, పెదవులు రెండు పక్కలకు సాగి, నవ్వుతాండాడు అనుకుంటి. వీపు విల్లు మాదిరి లేసిపోయింది. తెలివి మాత్రం ఉంది. కండ్లతో అందర్నీ చూస్తానే పోయినాడు."

ప్రభుదాసు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కందెన పెట్టినాడా అని మళ్ళీ అడిగాడు. మనమంతా పెట్టేదేగా అన్నాడు లక్ష్మన్న. తన మడమకు చుట్టిన పేలికను ప్రభుదాసు మెల్లగా పంచె కిందికి లాక్కున్నాడు.

ఆ క్షణం నుంచి అతనికి భయం పట్టుకుంది. అది దెబ్బ తగిలినప్పటి భయం కాదు, పామును చూసినప్పటి భయం కాదు. అవి వచ్చి పోతాయి. ఇది లోపల కూర్చుంది. కాలిలో సలుపు ఎక్కువైతే, ఎక్కుతోందేమో అనుకున్నాడు. సలుపు తగ్గితే, కాలు మొద్దుబారిందేమో అనుకున్నాడు. సోమ, మంగళ, బుధ, గురు అని వేళ్ళు మడిచి చూశాడు. ఓబులేసుకు తొమ్మిదో రోజు. తనకు ఇంకా ఐదు మిగిలాయి.

ఇంటికి రాగానే గూట్లో ఉన్న చేతి అద్దం తీసుకుని కొట్టంలోకి పోయి, ఎద్దుల మధ్య నిలబడి నోరు తెరిచి చూసుకున్నాడు. మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. పట్టాయి. గంట తర్వాత మళ్ళీ పోయాడు. పట్టాయి. శుక్రవారం తెల్లారగానే లేచి చేసిన మొదటి పని అదే. మచ్చెద్దు నెమరు వేస్తూ అతన్నే చూసింది. దాని దవడ ఎంత హాయిగా తిరుగుతోందో చూసి ప్రభుదాసుకు ఏడుపొచ్చింది.

అతను చర్చిలో పాట అందుకునే మనిషి. గొంతెత్తితే ఆదివారం పాట అవతలి వీధికి వినబడేది. నోరు పూర్తిగా తెరుచుకుంటోందా అని తెలుసుకోవడానికి అంతకంటే మంచి దారి కనబడక, శుక్రవారమంతా గుంటక తోలుతూ కీర్తనలు పాడుతూనే ఉన్నాడు. గడ్డి తీసుకుని అటు వచ్చిన లూదియా నిలబడి విని నవ్వుకుంది. మనిషి ఎంత సంతోషంగా ఉన్నాడో అనుకుంది.

ఆ సాయంత్రం అతను ఎద్దుల గిట్టలు కడుగుతుంటే లూదియా వచ్చి కొట్టం గుంజకు ఆనుకుని నిలబడింది. కాలెట్లుందని అడిగింది. ప్రభుదాసు తలెత్తలేదు. తలెత్తితే తన మొహంలోని భయం ఆమెకు కనబడుతుందని అతని భయం. సూదికి పొమ్మంటే గసిరిన మనిషి, ఇప్పుడు చచ్చిపోతానేమోనని వణుకుతున్నాడని పెళ్ళాం ముందు ఎట్లా ఒప్పుకుంటాడు?

"కందెనతో తగ్గిందా?" అని మళ్ళీ అడిగింది లూదియా.

"కందెన పెడితే తగ్గకేం జేస్తాది? మూడు దినాలకే మాడిపోయింది. నువ్వే ఊరికే సూది సూది అని బయపడితివి."

లూదియా సరేనంది. మెల్లగా నడుచుకుంటూ బండి వైపు పోయింది. మెల్లగా ఎందుకు నడుస్తోందో, బండి దగ్గర ఆమెకేం పనో ప్రభుదాసుకు తోచలేదు. ఎద్దు గిట్ట సందులో చిన్న తుమ్మముల్లు కనబడితే దాన్ని జాగ్రత్తగా లాగే పనిలో ఉన్నాడు.

శనివారం ఇక అతని వల్ల కాలేదు. పొద్దున లేస్తూనే దవడ దగ్గర కటుక్కుమంది. ఆవులింత వల్ల అయిన చప్పుడే అది. అయినా చెమటలు పోశాయి. విత్తడం ఆ రోజే మొదలు. గొర్రుకు ఒక కర్రు అరిగిపోయింది, నంద్యాలలోనే మంచిది దొరుకుతుంది, మధ్యాహ్నానికి వచ్చేస్తానని చెప్పాడు. అప్పటిదాకా లక్ష్మన్న గొర్రు తోలుతాడు, లూదియా వెనక నడుస్తూ జడ్డిగంలో గింజలు వదులుతుంది. జడ్డిగమంటే గొర్రు మీది గిన్నె. దాంట్లోంచి గొట్టాల గుండా గింజలు సాలులోకి పడతాయి. ఆ గిన్నె వెంట చెయ్యి ఆగకుండా, అడుగు తప్పకుండా పొద్దంతా మైళ్ళకు మైళ్ళు నడవాలి. లూదియా ఏదో చెప్పబోయి, పదును గుర్తొచ్చి ఊరుకుంది. బేగా రా అని మాత్రం అంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పంచె చెరుగు నోటికి అడ్డం పెట్టుకుని నంద్యాల దాకా మూడు వేళ్ళు పెట్టి చూసుకుంటూనే ఉన్నాడు. పక్కనున్న ముసలామె పన్ను నొప్పా నాయనా అని అడిగింది. అవునన్నాడు.

ఆసుపత్రిలో కరుణాకర్ అనే చిన్న వయసు డాక్టరు పేలిక విప్పి, నల్లటి జిడ్డు చూసి తల పట్టుకున్నాడు. జిడ్డంతా గీకి తీయించి, బొక్కను కొంచెం కోసి, లోపలి చీమూ మట్టీ కడిగించాడు. తర్వాత ముంజేతిలో చుక్కంత మందు పొడిచి, అరగంట కూర్చోబెట్టి, మందు ఒంటికి పడుతుందని నిర్ధారించుకుని పెద్ద సూది వేశాడు. ఇంకో చేతికి ఇంకోటి వేశాడు.

"మేకు ఒక్కటే చంపదు. మేకు చేసిన బొక్కను మీరు జిడ్డుతో మూసేస్తారే, అదీ చంపేది," అన్నాడు డాక్టరు. "ఆ పురుగు మట్టిలో, పేడలో ఉంటుంది. గాలి తగలని చోట బతుకుతుంది. నువ్వు దానికి ఇల్లు కట్టి తలుపేశావు. సమయానికి వచ్చావు కాబట్టి ఏమీ కాదులే. మీ ఇంట్లో చెప్పు, ఊళ్ళో చెప్పు. ఏ దెబ్బ తగిలినా సబ్బుతో కడిగి వెంటనే రమ్మను."

ప్రభుదాసు భక్తిగా తలాడించాడు. నిజంగానే చెబుదామనుకున్నాడు. బస్సు దిగి ఊరి దారి పట్టేదాకా చెబుదామనే ఉంది. ఊరు కనబడేసరికి నోరు రాలేదు. నిన్న సాయంత్రమే కదా కందెనతో మాడిపోయిందని తాను చెప్పింది. ఇవాళ ఈ తెల్లటి కట్టు చూస్తే లూదియా ఏమంటుంది? లక్ష్మన్న ఊరుకుంటాడా, జన్మంతా ఎగతాళి చేయడూ? విత్తడం అయిపోనీ, అప్పుడు నిదానంగా చెబుదాం అనుకున్నాడు.

అందుకని ఒక పని చేశాడు. ఇంటికి పోయే ముందు కొట్టం వెనకనుంచి వచ్చి, ఆసుపత్రి కట్టు మీద పాత పేలిక చుట్టి, ఆ పేలిక మీద కందెన డబ్బాలోంచి ఇంత జిడ్డు తీసి పూశాడు. చూసేవాళ్ళకు లోపల కందెన మందే ఉన్నట్టుంది. డబ్బాలో జిడ్డు మొన్నటికంటే తగ్గినట్టు కనబడింది. ఇరుసుకు ఎవరో పూసి ఉంటారనుకున్నాడు.

లూదియా ఇంటి గడప మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ అతను రాగానే లేచేది, ఆ రోజు లేవలేదు. మూడెకరాలు పడిందని కూర్చునే చెప్పింది. కుడికాలు చీర కిందికి ముడుచుకుని ఉంది. ఆమె చూపు అతని మడమ మీది నల్లటి పేలిక మీద పడింది. ఇంకా పెడతాండావా అంది. వదలకుండా పెడితేనే గుణం అన్నాడు ప్రభుదాసు. నంద్యాల నుంచి తెచ్చిన కర్రును గోడకు ఆనించి, బన్ను రొట్టె ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మొహం విప్పారింది. ఆ మొహం చూసి తాను చాలా మంచి భర్తననుకున్నాడు.

సూది పడినా భయం ఒక్కసారిగా పోలేదు. డాక్టరు ఏమీ కాదన్నాడు, అయినా ఇంకో పదిరోజులు దవడ, మెడ చూసుకుంటూ ఉండమన్నాడు. చూసుకోమన్నాక ప్రభుదాసు దాన్ని వదులుతాడా? పొద్దున అద్దం, మధ్యాహ్నం పాట, సాయంత్రం మూడు వేళ్ళు. తొమ్మిదో రోజు మంగళవారం గడిచినప్పుడు చేని మధ్యలో మోకాళ్ళ మీద పడి దేవునికి స్తోత్రం చెప్పాడు. లూదియా విత్తనాల గంప నెత్తిన పెట్టుకుని గట్టు మీద కుంటుతూ పోతోంది. సాలులో నడిచి నడిచి అలిసిందనుకున్నాడు. ఎద్దు కుంటి ఉంటే ఆ క్షణమే కాడి దించి కాలెత్తి చూసేవాడు.

గురువారానికి తమ చేనూ లక్ష్మన్న చేనూ విత్తడం అయిపోయింది. చెబుదామనుకున్న మాట అయిపోయిన పని కింద పడి కనబడకుండా పోయింది. ఇంకెందుకులే, తగ్గిపోయిందిగా అనుకున్నాడు.

శనివారం లూదియా మెడ పట్టేసిందంది. గంపలు మోసీ మోసీ అట్లయి ఉంటుంది, ఆముదం రాసుకో అన్నాడు. ఆదివారం చర్చిలో ప్రభుదాసు పాట అందుకున్నాడు. బతికి బయటపడ్డవాడి పాట అది. పైకప్పు రేకులు మోగాయి. ఆడవాళ్ళ వైపు చూస్తే లూదియా పెదవులు కదులుతున్నాయి గాని నోరు తెరుచుకోవడం లేదు. అందరూ లేచి పాడుతుంటే ఈమెకేం వచ్చింది, గొంతు దాచుకుంటుందా అని విసుక్కున్నాడు. ఆమె మొహంలో నవ్వు లాంటిదేదో ఉంది. ఆ నవ్వు పాట అయిపోయినా పోలేదు.

సోమవారం పొద్దున సంగటి వడ్డించి ఎదురుగా కూర్చుంది. ఒక చిన్న ముద్ద తీసుకుని నోటి దగ్గర పెట్టుకుంది. అది లోపలికి పోలేదు. ఇంకాస్త చిన్నది చేసి మళ్ళీ పెట్టుకుంది. పళ్ళకు తగిలి కంచంలో పడింది. ఆమె తలెత్తి భర్తను చూసింది. పెదవులు రెండు పక్కలకు సాగి ఉన్నాయి. కళ్ళలో నవ్వు లేదు.

ప్రభుదాసుకు లక్ష్మన్న చెప్పిన మాటలన్నీ ఒక్కసారి చెవుల్లో మోగాయి. పదకొండు రోజులుగా తన మొహంలో వెతుక్కున్నది ఎదురుగా ఆమె మొహంలో కూర్చుని ఉంది. ఏమైంది, ఏమైంది అని అరిచాడు. ఆమె పళ్ళ సందునుంచి మాట కూడదీసుకుని, కాలు అంది. అంతే అనగలిగింది.

లక్ష్మన్న బండి కట్టాడు. ఆళ్ళగడ్డ దాకా బండి, అక్కడి నుంచి బస్సు. కండక్టరు ఈల వేసినప్పుడల్లా ఆమె ఒళ్ళు బిగుసుకునేది. గుంతలో చక్రం పడితే నడుము సీటు మీదనుంచి లేచేది. ఊపిరి ఆగినట్టయ్యేది, మళ్ళీ వచ్చేది. ప్రభుదాసు ఆమె తలను రొమ్ముకు అదుముకుని, మెల్లగా పోనీయమని డ్రైవరును వేడుకున్నాడు. నంద్యాల ఎన్నడూ అంత దూరం లేదు.

కరుణాకర్ డాక్టరు ఆమెను చూసి, తర్వాత అతన్ని చూసి గుర్తుపట్టాడు. ఇంట్లో చెప్పమన్నాను కదా అన్నాడు. ఆ మాట గట్టిగా కూడా అనలేదు. నర్సు దేవమ్మ చీర కుచ్చెళ్ళు పైకి జరిపి కుడికాలికి చుట్టిన గుడ్డ విప్పింది. అరికాలి మధ్యలో బొక్క. దాని మీద నల్లగా, దట్టంగా, అంచులు కూడా వదలకుండా మెత్తిన కందెన. అతను తన మడమకు చుట్టుకున్న పద్ధతిలోనే చుట్టిన పేలిక, అదే పక్క వేసిన ముడి.

పద్దెనిమిదేళ్ళలో ఆ అరికాలిని అతను చూడడం అదే మొదటిసారి. ఎన్ని బీటలు, ఎన్ని పాత ముళ్ళ మచ్చలు!

"దెబ్బ ఎప్పుడు తగిలింది?" డాక్టరు తొందరగా అడిగాడు. "దెబ్బకూ, మొదట బిగుసుకోవడానికీ మధ్య ఎన్ని రోజులో నాకు తెలియాలి. వారంలోపలైతే చాలా కష్టం. ఆలోచించి చెప్పు."

చెప్పగలిగిన మనిషికి నోరు తెరుచుకోదు. ప్రభుదాసు వెనక్కి వెనక్కి పోయాడు. ఆదివారం పెదవులు. శనివారం మెడ. మంగళవారం గట్టు మీద కుంటు. మొదటి శనివారం లేవకుండా కూర్చున్న గడప, చీర కిందికి ముడుచుకున్న కాలు. డబ్బాలో తగ్గిన కందెన. దానికి ముందు శుక్రవారం సాయంత్రం, కొట్టం గుంజకు ఆనుకుని నిలబడిన లూదియా. కందెనతో తగ్గిందా అని అడిగిన లూదియా. అప్పుడు ఆమె అడిగింది అతని కాలు గురించి కాదు. తన సొంత కాలు గురించి.

పేడదిబ్బ అంచున పడిన పలక గుర్తొచ్చింది. రోజూ రెండు పూటలా ఆమె పేడగంప దింపే చోటే అది.

"శుక్రవారం సార్," అన్నాడు. "మొన్నటిది కాదు, దాని ముందుది. శనివారం మెడ పట్టింది. ఎనిమిది దినాలు." రెండు చేతులూ జోడించాడు. "కందెన పెడితే తగ్గుతాదని నేనే చెప్పినా సార్. నేను మీ కాడ సూదేయించుకోని పోయి, కందెనే పెట్టినట్టు చూపిచ్చినా."

డాక్టరు ఒక్క క్షణం అతని వైపు చూసి, ఎనిమిదంటే కొంచెం ఆశ ఉందని చెప్పి లోపలికి పోయాడు.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటారు. ప్రభుదాసు గొడ్డలి పెళ్ళాం మెడ మీద పెట్టాడు.

లూదియాను చీకటి గదిలో పడుకోబెట్టారు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. వెలుగు పడినా, తలుపు కిర్రుమన్నా, ఎవరైనా గట్టిగా మాట్లాడినా ఒళ్ళు విల్లయిపోతుందని, మూడు వారాలు పక్కన కూర్చున్న మనిషి దగ్గు కూడా బయటికి పోయి దగ్గాలని దేవమ్మ చెప్పింది. ప్రభుదాసు చెప్పులు బయట విడిచి మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఇప్పుడు చెప్పాలని ఉంది. నేను సూదికి పోయినా, నీకు అబద్ధం చెప్పినా అని ఆమె చెవిలో చెప్పాలని గుండె కొట్టుకుంటోంది. చెప్పడానికి పదిరోజులున్నప్పుడు నోరు మూసుకున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే ఆమె ఊపిరి ఆగిపోవచ్చు.

రెండో రోజు దేవమ్మ అతని కాలు చూసి, ఆ మురికి పేలికతో గదిలోకి రానివ్వనని చెప్పి, కత్తిరించి పారేసింది. లోపల మడమ శుభ్రంగా మానిపోతోంది. తెల్లటి చిన్న కట్టు వేసింది. ఆ కాలితోనే అతను గదిలోకి వచ్చి కూర్చున్నాడు. దేవమ్మ తలుపు కొంచెం తీసి మందు ఎక్కించడానికి వచ్చినప్పుడు సన్నటి వెలుగు నేల మీద పడింది. లూదియా చూపు ఆ వెలుగు వెంట పోయి అతని మడమ మీద ఆగింది. తలుపు మూసేదాకా అక్కడే ఉంది.

తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో అతను ఎవరికీ చెప్పలేదు. ఆమె బిగుసుకున్నప్పుడల్లా తానూ ఊపిరి బిగపట్టాడు. రెండుసార్లు ఆమె మొహం నీలంగా మారింది, రెండుసార్లూ డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. ఊళ్ళో జొన్న మొలిచిందని లక్ష్మన్న వచ్చి వాకిట్లో చెప్పాడు, ఎద్దులను తాను చూసుకుంటున్నానన్నాడు. ప్రభుదాసు అతనితో తన అబద్ధం మొత్తం చెప్పాడు, ఊళ్ళో అందరికీ చెప్పమన్నాడు, దిబ్బ మీది పలకను తీసి కాల్చేయమన్నాడు. లక్ష్మన్న ఎగతాళి చేయలేదు.

పద్దెనిమిదో రోజు ఆమె పళ్ళ మధ్య ఒక వేలు పట్టింది. ఇరవై రెండో రోజు రెండు వేళ్ళు పట్టాయి. బతికిందని, ఇక భయం లేదని డాక్టరు చెప్పి నల్లగుడ్డలు తీయించాడు. వెలుతురులో చూస్తే లూదియా సగమైంది. ప్రభుదాసు నీళ్ళలో నానబెట్టిన రొట్టెను చెంచాతో ఆమె నోటికి అందించాడు. ఆమె మింగింది. రెండోసారి చెంచా ఎత్తితే చేత్తో ఆపింది. గొంతు బొంగురుగా ఉంది, అయినా మాట మాటా తెలిసింది.

"నీది దేంతో తగ్గింది?"

మూడు వారాల పాటు ఆ మూసుకున్న నోటి వెనక ఆమె దాచుకున్న మాట అదొక్కటే. దేవుడి పేరు కాదు, కూతురి పేరు కాదు.

"సూదితో," అన్నాడు ప్రభుదాసు.

లూదియా అతన్ని చాలాసేపు చూసింది. కొంతసేపటికి నీళ్ళు కావాలన్నట్టు చెయ్యి చాపింది. అతను నీళ్ళు తాగించాడు. తర్వాత వేడినీళ్ళూ, సబ్బూ తెచ్చి మంచం కింద కూర్చుని ఆమె కాలును మోకాలి మీద పెట్టుకున్నాడు. బీటల్లో ఇంకా మిగిలి ఉన్న నల్లటి కందెన అంత తొందరగా వదల్లేదు.